జడ్జిగారి మూతి

ఆ వీధిలో జుట్టు కత్తిరించేవాళ్ళు ఇద్దరున్నారు. ఒకడు బాగా కత్తిరిస్తాడు. రెండోవాడి దగ్గరికి జనం ఎక్కువ వెళతారు. ఈ కథ రెండోవాడిది.

అతన్ని వీధి వీధంతా జడ్జిగారు అంటుంది. అతను కోర్టు గడప తొక్కిన మనిషి కాదు. కానీ ఎవరికి ఏ కష్టం వచ్చినా, అది ఎందుకొచ్చిందో కుర్చీ వెనకాల నిలబడి తేల్చి పారేస్తాడు. అప్పీలు ఉండదు.

బస్సు డ్రైవరు స్నానాలగదిలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కట్టుతోనే క్షవరానికి వస్తే జడ్జి అతని మెడ చుట్టూ గుడ్డ బిగించి, "ఫోను మోగిందా?" అని అడిగాడు. మోగలేదన్నాడు డ్రైవరు. "పోనీ, మోగుతుందేమో అనుకున్నావా?" డ్రైవరు కాసేపు ఆలోచించి, అనుకున్నట్టే ఉందన్నాడు. "అదీ సంగతి. మనసు ఫోను మీద ఉంటే కాలు నేల మీద ఎలా ఉంటుంది?" అన్నాడు జడ్జి. కేసు తేలిపోయింది.

జడ్జి అడగడానికి ఒక పద్ధతుంది. ముందువైపు కత్తిరిస్తున్నంతసేపూ ఊసుపోక కబుర్లు. తల వంచమని, మెడ వెనక కత్తి పెట్టాక అసలు ప్రశ్న. కత్తి మెడ మీద ఉండగా కాదని తల అడ్డంగా ఊపే మొనగాడు ఎవడుంటాడు? అందరూ ఒప్పుకునేవాళ్ళు. అందరూ ఒప్పుకుంటున్నారు కాబట్టి తను చెప్పిందే నిజమని జడ్జి నమ్మేవాడు. మోసగాడు కాదు, మనస్ఫూర్తిగా నమ్మిన మనిషి. మోసగాడైతే ఇంత గొడవ ఉండేది కాదు.

తీర్పు వినగానే బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి ప్రాణం కుదుటపడేది. డ్రైవరు ఫోను గురించి ఆలోచించాడు, పడ్డాడు. మనం ఆలోచించం, పడం. కుక్క కరిచినవాడు కుక్క వంక అదోలా చూసి ఉంటాడు, మనం చూడం. ఇలా ఎవరికి వాళ్ళు లెక్క వేసుకుని, నున్నగా గీసిన మెడలతో ఇంటికి పోయేవాళ్ళు. పక్క దుకాణంలో ఈ సదుపాయం లేదు. అక్కడ జుట్టు మాత్రమే తగ్గుతుంది.

పెళ్ళాం నీళ్ళోసుకుందని ఎవడైనా చెబితే మాత్రం జడ్జి విచారణ పెట్టకుండానే తీర్పు ఇచ్చేవాడు. "ఇంట్లో ఆవిడ చేత బకెట్ ఎత్తనివ్వకు. ఎత్తితే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాం." ఆ మాట అన్నప్పుడు అతని గొంతు నిజంగానే తగ్గేది.

ఒకరోజు పొద్దున్న పళ్ళు తోముకుని నోట్లో నీళ్ళు పోసుకుంటే, ఎడమవైపు నుంచి నీళ్ళు వాటంతట అవే కారిపోయాయి. మళ్ళీ పోసుకున్నాడు. మళ్ళీ కారాయి. తల ఎత్తి అద్దంలో చూసుకుంటే ఎడమవైపు మూతి కిందికి జారి ఉంది, ఎడమ కన్ను మూతపడడం లేదు. జీవితమంతా అద్దంలో మొహాలు చూసినవాడు. ఇది తనది కాదనుకుని వెనక్కి తిరిగి చూశాడు.

"ఏమిటా వెక్కిరింపు పొద్దున్నే?" అంది భార్య. వెక్కిరింపు కాదని తెలిశాక ఆమె చేతిలో ఉన్న గ్లాసు అక్కడే పెట్టేసి, చెప్పులేసుకుని ముందు తనే గుమ్మం దిగింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అతని చేత నుదురు ముడతలు పెట్టించింది, బుగ్గలు ఉబ్బించమంది, చేతులు పైకెత్తించింది. ఇది పక్షవాతం కాదు, భయపడక్కర్లేదంది.

"మొహానికి వెళ్ళే నరం వాచింది. కంట్లో చుక్కలు వేసుకోండి. పడుకునేటప్పుడు కన్ను మూసి పైన టేపు అంటించుకోండి. మాత్రలు రాస్తున్నాను, మానకుండా వేసుకోండి."

"ఎందుకొచ్చిందండీ?"

"చాలామందికి ఎందుకొస్తుందో తెలీదండీ. ఎవరికైనా రావచ్చు."

"ఎవరికైనా అంటే?"

"ఎవరికైనా. నాక్కూడా రావచ్చు."

జడ్జి ఆమె మొహం వంక చూశాడు. రెండు వైపులా సమానంగా ఉంది.

"తగ్గుతుందా?"

"చాలామందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గిపోతుంది. కొందరికి కాస్త వంకర మిగిలిపోవచ్చు."

"ఎలాంటివాళ్ళకి మిగులుతుందండీ?"

"మీ విషయంలో ఇప్పుడే చెప్పలేను," అంది డాక్టరమ్మ.

బయటికొచ్చాక జడ్జి భార్యతో, "ఆవిడకి పని రాదే," అన్నాడు. అంత చదువూ చదివి ఎవరికైనా రావచ్చని చెప్పడానికి సిగ్గుండాలి కదా అని అతని బాధ. మాత్రలు మాత్రం కొన్నాడు.

ఇక సొంత కేసు సొంతంగా చేపట్టాడు. మొదటి ముద్దాయి కిటికీ. కిటికీ పక్కన పడుకోవడం వల్ల గాలి చెవిలోకి పోయి నరాన్ని కొట్టిందన్నాడు.

"పెళ్ళయినప్పటి నుంచీ ఆ కిటికీ పక్కనే పడుకుంటున్నారు. మీరు అక్కడున్నారని ఆ గాలికి ఇప్పుడు తెలిసిందా?" అంది భార్య.

కిటికీ నిర్దోషి అయింది. తర్వాత దిండు, తర్వాత గడ్డం గీసుకునే సబ్బు, తర్వాత ఆ ముందురోజు టీ తాగిన వెంటనే తాగిన చన్నీళ్ళు. ఒక్కటీ నిలబడలేదు. అన్నీ ఏళ్ళ తరబడి చేస్తున్న పనులే. కొత్తగా ఏ తప్పూ చేయని మనిషికి కొత్తగా మూతి ఎందుకు తిరుగుతుంది? ఈ ప్రశ్న అతన్ని జబ్బు కంటే ఎక్కువ తినేసింది. కన్ను మూతపడకపోవడానికి టేపు ఉంది. దీనికి టేపు లేదు.

దుకాణం తెరిచాక జనం చూడడానికి వచ్చారు. కొందరికి జుట్టు పెరగలేదు కూడా, అయినా వచ్చారు. ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెప్పారు. టీకొట్టు ఆయన టీకి సంబంధం లేదని ముందే ప్రమాణం చేశాడు. బస్సు డ్రైవరు బాగా ఆలోచించి వచ్చాడు. "మనసు ఎక్కడో పెట్టుకుని ఉంటావు జడ్జిగారూ," అన్నాడు. అతని చెయ్యి బాగా అతుక్కుంది.

అసలు తీర్పు లెక్కల మాస్టారి నోట వచ్చింది. ఆయన రిటైరై చాలా కాలమైంది, నెత్తిన నాలుగు వెంట్రుకలు మిగిలాయి. అవి ఎందుకు రాలాయో జడ్జి ఒకప్పుడు ఆయనకి చెప్పాడు. పిల్లల్ని కొట్టినందుకట. ఆయన కుర్చీలో కూర్చుని అద్దంలో జడ్జి మొహాన్ని తీరిగ్గా చూశాడు.

"ఇందులో తెలుసుకోవడానికి ఏముందయ్యా? ఊళ్ళో అందరి మీదా నోరు పారేసుకున్నావు. నోటికే వచ్చింది. కాలికి రాలేదు, చేతికి రాలేదు. ఎక్కడ రావాలో అక్కడే వచ్చింది."

బెంచీ మీద అందరూ ఒక్కసారిగా తలలు ఊపారు. వాళ్ళ మొహాల్లో ఆ పాత తేలిక కనపడింది. మనం నోరు పారేసుకోం, మనకు రాదు.

ఇంకొకడైతే కత్తి కింద పెట్టి పోట్లాడేవాడు. జడ్జికి మాత్రం కడుపులో చల్లగా అనిపించింది. ఆ మాటలో వంక పెట్టడానికి లేదు. తనే ఆ కుర్చీ వెనక నిలబడి చెప్పాల్సి వస్తే అచ్చం అదే చెప్పేవాడు. పైగా కారణం తెలిసింది గనక మందూ తెలిసినట్టే. నోటి వల్ల వచ్చింది నోరు మూసుకుంటే పోతుంది. జడ్జి ఆ రోజు నుంచి తీర్పులు చెప్పడం మానేశాడు.

దానివల్ల అతని మూతికి ఏమీ కాలేదు గానీ, దుకాణానికి అయింది. మెడ మీద గడ్డ లేచిన బ్యాంకు వాచ్‌మన్ వచ్చి కూర్చున్నాడు. "ఈ గడ్డ నాకెందుకు లేచిందంటారు?" అని తనే అడిగాడు. జడ్జి పలకలేదు. "చెప్పకూడనంత పెద్దదా?" అన్నాడు వాచ్‌మన్. జడ్జి గడ్డ చుట్టూ జాగ్రత్తగా కత్తిరించాడు. వాచ్‌మన్ గుండె గుప్పెట్లో పెట్టుకుని లేచి తిన్నగా పక్క దుకాణానికి పోయాడు. అక్కడా చెప్పలేదనుకోండి, కానీ ఆ పక్కవాడు ఎప్పుడూ చెప్పేవాడు కాదు కాబట్టి భయం వేయలేదు. బెంచీ పల్చబడింది.

వారాలు గడుస్తున్నాయి. మూతి అలాగే ఉంది. తింటే మెతుకులు ఎడమ బుగ్గలో ఉండిపోతాయి, టీ తాగితే చొక్కా తడుస్తుంది, ఎడమ కంట్లో నీళ్ళు వాటంతట అవే కారుతుంటాయి. ఊరికే నోరు మూసుకుంటే చాలదని జడ్జికి అర్థమైంది. చెప్పిన తీర్పుల్లో ఏదో ఒకటి తప్పు తీర్పు అయి ఉండాలి. ఆ ఒక్కటీ వెతికి పట్టుకుంటే ఇది సర్దుకుంటుంది. ఖాళీ దుకాణంలో మధ్యాహ్నాలు కూర్చుని ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు. డ్రైవరు చెయ్యి, మాస్టారి బట్టతల, కుక్క కాటు. వీటికి మూతి తిరిగేంత శిక్ష ఉండదు. అన్నీ తీసేస్తే చివరికి ఒకటే మిగిలింది. అది మిగులుతుందని అతనికి మొదటి నుంచీ తెలుసు. అందుకే మిగతావన్నీ ముందు తీశాడు.

అది చెల్లెలి సంగతి.

అతనికి ఒక్కతే చెల్లెలు. చాలా ఏళ్ళ కిందట ఆమెకి ఎనిమిదో నెలలో నొప్పులొచ్చి పాప పుట్టింది. పుట్టేసరికే ఊపిరి లేదు. డాక్టర్లు పరీక్షలన్నీ చేసి ఏ లోపమూ కనపడలేదని, ఒక్కోసారి ఇలా జరుగుతుందని అన్నారు. ఒక్కోసారి అనే మాట జడ్జికి మింగుడు పడలేదు. బావగారు ఆస్పత్రి వరండాలో గోడకి ఆనుకుని నిలబడ్డాడు, అమ్మ నేల మీద కూలబడింది. జడ్జి చెల్లెలి మంచం పక్కన స్టూలు వేసుకుని పొద్దున్న నుంచి సాయంత్రం దాకా అడిగాడు. జారావా? మెట్లెక్కావా? ఏదైనా తినకూడనిది తిన్నావా? బోర్లా పడుకున్నావా? ఎవరితోనైనా పోట్లాడావా? లేదు, లేదు, లేదు. పొద్దు వాలే వేళకి చెల్లెలు కళ్ళు మూసుకుని, "నీళ్ళ బకెట్ ఎత్తాను," అంది.

జడ్జి లేచి వరండాలోకి వెళ్ళి ఆ మాట చెప్పాడు. అమ్మ నెత్తీనోరూ బాదుకుని, ఆ తర్వాత నిద్రపోయింది. బావగారు గోడ వదిలి బల్ల మీద కూర్చున్నాడు. అందరికీ ఏదో ఒక ఒడ్డు దొరికినట్టయింది. జడ్జి మర్నాటి నుంచే ఆ బకెట్‌ని దుకాణంలో పదిమందికీ చెప్పడం మొదలుపెట్టాడు, ఇంకొకరి ఇంట్లో అలా జరగకూడదని.

చెల్లెలు ఆ ఊళ్ళోనే బట్టలు కొలతలకి సరిచేసే దుకాణంలో పనిచేస్తుంది. అన్నయ్య ఇంటికి వస్తుంది, వదినతో మాట్లాడుతుంది. అన్నయ్య గుమ్మంలోకి అడుగుపెట్టగానే బస్సు టైమైందని లేస్తుంది. ఇద్దరి మధ్యా పోట్లాట లేదు. పోట్లాటే అయితే ఎప్పుడో సర్దుకునేది.

"దాన్ని ఒకసారి రమ్మను. మాట్లాడాలి," అన్నాడు జడ్జి భార్యతో.

"ఇంటికా?"

"దుకాణానికి. సెలవు రోజు."

సెలవు రోజు మధ్యాహ్నం చెల్లెలు వచ్చింది. షట్టరు సగం దించి ఉంటే వంగి లోపలికొచ్చింది. బెంచీ మీద ఉతికిన తువ్వాళ్ళ గుట్ట ఉండడంతో అతను ఆమెని కుర్చీలోనే కూర్చోమన్నాడు. తను అలవాటు కొద్దీ వెనక నిలబడ్డాడు. ఇద్దరూ అద్దంలోనే ఒకరినొకరు చూసుకున్నారు.

"నొప్పిగా ఉందా అన్నయ్యా?"

"నొప్పి లేదు."

"తినగలుగుతున్నావా?"

"ఒక పక్క."

ఆమె ఇంకేమీ అడగలేదు. ఎందుకొచ్చిందని అడుగుతుందని అతను చాలాసేపు కాచుకున్నాడు. అడగలేదు. ఇక తనే మొదలుపెట్టాడు.

"ఆ బకెట్ విషయంలో నేను తప్పు చేశానమ్మా. నీకు అంత కష్టమొస్తే నీ తప్పేనని ఊరంతా చాటాను. నన్ను క్షమించానని ఒక్క మాట అను."

చెల్లెలు అద్దంలో అతన్నే చూస్తూ, "ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకు గుర్తొచ్చింది?" అంది.

జడ్జికి అబద్ధం చెప్పే అలవాటు లేదు. "ఈ మూతి... దానివల్లే అనుకుంటున్నాను."

"ఓహో. నేను సరే అంటే మూతి సర్దుకుంటుందన్నమాట."

"సర్దుకుంటుందేమోనని."

చెల్లెలు నవ్వింది. అది కోపం నవ్వు కాదు. అతని ముందు ఆమె నవ్వి ఎన్నేళ్ళయిందో అతనికి గుర్తు లేదు.

"సరే, క్షమించాను. ఏమైనా కదిలిందా?"

అతను నిజంగానే అద్దంలో చూసుకున్నాడు. కదల్లేదు.

"నేను బకెట్ ఎత్తలేదు అన్నయ్యా," అంది చెల్లెలు.

"ఏమిటి?"

"ఎత్తలేదు. మా ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ నన్ను మంచం దిగనిచ్చేవారు కాదు. ఆయన పనికి వెళ్ళాక కూడా నేను ఏదీ ఎత్తలేదు, ఎక్కడా జారలేదు."

"మరి నువ్వే చెప్పావుగా!"

"నువ్వు స్టూలు మీంచి లేవడం లేదు. పొద్దున్న నుంచి అడుగుతున్నావు. లేదంటే ఇంకోటి అడుగుతున్నావు. ఏదో ఒకటి ఒప్పుకుంటే గానీ నువ్వు వదలవు, నువ్వు వదిలితే గానీ నేను పడుకోలేను. గది తుడిచే ఆమె బాత్రూమ్ తలుపు దగ్గర బకెట్ వదిలేసి వెళ్ళింది. నా కళ్ళకి అదే కనపడింది, అదే చెప్పాను. అందులో నీళ్ళు కూడా లేవు."

జడ్జి కుర్చీ వీపు పట్టుకున్నాడు. ఎంతమందికి చెప్పాడు ఆ బకెట్ గురించి! ఎంతమంది మగాళ్ళు అతని మాట విని ఇళ్ళకి పోయి బకెట్లు మోశారు! అదంతా ఖాళీ బకెట్. దాన్ని ఎవరూ ఎత్తలేదు.

"బావగారికి తెలుసా?"

"చెప్పలేదు. ఆయన ఇప్పటికీ నన్ను నీళ్ళ బకెట్ ముట్టుకోనివ్వరు. మోసుకొచ్చి పెట్టి, ఒకసారి నా వంక చూసి వెళ్ళిపోతారు. ఏమీ అనరు, మంచివారు. ఎత్తలేదని చెబితే ఆయన మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోవాలి. పోనీలే, మోయనీ అనుకున్నాను."

"అయితే పాప ఎందుకు పోయింది?"

నోట్లోంచి ఆ మాట వచ్చాక గానీ తను ఏమడిగాడో అతనికి తెలియలేదు. చెల్లెలు మాత్రం విసుక్కోలేదు.

"తెలీదు."

"నాకిది ఎందుకొచ్చింది మరి?"

"తెలీదు అన్నయ్యా. నువ్వు నన్ను ఏడిపించినందుకైతే అప్పుడే రావాలిగా. వచ్చింది, అంతే."

"అంటే మళ్ళీ కూడా రావచ్చా?"

"రావచ్చు."

జడ్జికి భయం వేసింది. మూతి తిరిగిన రోజు కూడా ఇంత భయం వేయలేదు. కిటికీ లేదు, నోరు లేదు, బకెట్ లేదు. తను ఏం మానేస్తే ఏం రాకుండా ఉంటుందో చెప్పేవాళ్ళు లేరు. ఈ ఖాళీలో చెల్లెలు ఇన్నేళ్ళూ ఒక్కతే కూర్చుని ఉంది. అందరికీ తలా ఒక ఒడ్డు చూపించి, తను మాత్రం నీళ్ళలో ఉండిపోయింది. ఆ స్టూలు మీద ఒక పూటంతా కూర్చుని తను ఆమెని అన్నీ అడిగాడు. ఒక్కటంటే ఒక్కటి పాప గురించి అడగలేదు. అది తలుచుకుంటే అతనికి ఏడుపొచ్చింది.

అడగడానికి చాలాసేపు పట్టింది. మూతి సహకరించదు, మాట ముద్దగా వస్తుంది. వీధిలో ఎవరింట్లో బిడ్డ పుట్టినా గుమ్మంలోకి వెళ్ళగానే అందరూ అడిగే మొదటి మాటే అది.

"పాప ఎవరి పోలిక?"

చెల్లెలు అద్దం వదిలి, కుర్చీ తిప్పుకుని మొదటిసారి అతని మొహంలోకి చూసింది.

"ఎవ్వరూ అడగలేదు," అంది. "అమ్మ కూడా అడగలేదు. ఎందుకు పోయిందనే అడిగారు అందరూ."

ఆమె చేతులు ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది.

"నువ్వు రాకముందు కాసేపు నా చేతికిచ్చారు. జుట్టు చాలా ఉంది, వాళ్ళ నాన్నది. చెవులు నావే, ఇలా బయటికి. నోరు నీది."

"నాదా?"

"అచ్చం నీదే. పైపెదవి మధ్యలో ఆ నొక్కుతో సహా." చెల్లెలు అతని మూతి వైపు చూసి, కొంచెం తడుముకుని, "ఇప్పటిది కాదనుకో," అంది.

జడ్జి భుజం మీది తువ్వాలు తీశాడు. జారిపోయిన ఎడమవైపు కనపడకుండా దాన్ని సగం మొహానికి అడ్డం పెట్టుకుని ఆమె ముందు వంగాడు.

చెల్లెలు చూసింది. వేలు చాపి అతని పెదవి చివర ముట్టుకుని, "ఇదే," అంది. మళ్ళీ చూసింది. చెయ్యి నొప్పి పుడుతున్నా ఆమె చూస్తున్నంతసేపూ అతను తువ్వాలు దించలేదు.